ఉల్కల్లో దొరికిన అమైనో ఆమ్లాలు భూమివి కావని ఎలా తెలుస్తుంది?

ఉల్కల్లో జీవానికి మూలమైన పదార్థాలు దొరికాయని వార్తలు తరచుగా వస్తున్నాయనీ, అవి ఇక్కడ పడ్డాక మన మట్టి నుంచో మన చేతుల నుంచో అంటుకున్నవి కావని ఎలా చెప్పగలరనీ, నిజంగా అక్కడివే అయితే జీవం ఆకాశం నుంచి దిగివచ్చిందని అర్థం చేసుకోవాలా అనీ మీరు అడిగారు. రెండు ప్రశ్నలూ మంచివే కానీ, నా దృష్టిలో మొదటిదే అసలు ప్రశ్న. దానికి గట్టి జవాబు లేనిదే రెండో దాని జోలికి పోవడం వృథా. హైదరాబాద్‌లో మందుల తయారీకి సంబంధించిన విశ్లేషణ ప్రయోగశాలల్లో మూడు దశాబ్దాలకు దగ్గరగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఈ విషయాన్ని నేను ఖగోళం వైపు నుంచి కాక, పరీక్ష చేసే బల్ల వైపు నుంచి చూడటానికి అలవాటు పడ్డాను.

ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల ద్రావణాలను పరీక్షిస్తున్న రోజుల్లో ఒకసారి ఏమీ కలపని శుద్ధజలాన్ని బ్లాంక్‌గా నడిపించాము. యంత్రం గీసే గీత చదునుగా రావాలి. వచ్చింది మాత్రం రెండు స్పష్టమైన పీకులతో, అంటే పైకి లేచిన మొనలతో: ఒకటి సెరీన్, రెండోది గ్లైసిన్, రెండూ అమైనో ఆమ్లాలే. నీరు మార్చాము, అణువులను వేరుచేసే గొట్టమైన కాలమ్‌ను కడిగాము, అయినా అవే పీకులు కనిపించాయి. చివరికి తేలిందేమిటంటే, కొత్తగా చేరిన అబ్బాయి గాజు సీసా మూత బిగించేటప్పుడు చేతి తొడుగు తీసేసి, మూత లోపలి అంచును వేలితో సర్దాడు. వేలిముద్రలోని చెమట చాలు, ఆ యంత్రానికి అది సముద్రంలాంటిది. పోలీసులు కాగితం మీది వేలిముద్రలను నిన్‌హైడ్రిన్‌తో ఊదారంగులోకి తెప్పించేది కూడా చెమటలోని ఈ అమైనో ఆమ్లాల వల్లనే. ఆ రోజు నుంచి, ఎక్కడైనా లేశమాత్రపు అమైనో ఆమ్లాలు దొరికాయని ఎవరు చెప్పినా, సెరీన్ ఎంత ఉందని మొదట అడగడం నాకు అలవాటయింది.

ఈ అనుమానం ఉల్కల శాస్త్రంలో ఎప్పుడో మొదలైంది. 1960ల తొలినాళ్లలో కొందరు ఉల్కల్లో అమైనో ఆమ్లాలు చూశామని ప్రకటించారు. 1965లో పాల్ హామిల్టన్ మనుషుల చేతుల మీద ఏయే అమైనో ఆమ్లాలు ఎంతెంత ఉంటాయో కొలిచి చూపించారు. అదే ఏడాది జాన్ ఓరో బృందం ఉల్కల్లో చెబుతున్న జాబితాకూ వేలిముద్రల జాబితాకూ ఉన్న పోలికను ఎత్తిచూపింది. సెరీన్ పైవరుసలో ఉన్న జాబితా ఏదైనా ముందు మన చేతుల్ని అనుమానించాల్సిందేనని అందరికీ అర్థమైంది. అంతకన్నా విచిత్రమైన కథ ఓర్గేయ్ ఉల్కది. 1864 మే 14న ఫ్రాన్స్‌లో పడిన ఈ ఉల్కలో జీవులను పోలిన ఆకారాలు ఉన్నాయని 1961లో ఒక ప్రకటన వెలువడింది. తర్వాత పరిశీలనలో వాటిలో కొన్ని పుప్పొడి రేణువులని తేలింది. అదే ఉల్కకు చెందిన మరో ముక్కను ఒక మ్యూజియంలో గాజు సీసాలో దాచి ఉంచారు. ఆ ముక్కను పరీక్షించిన ఎడ్వర్డ్ ఆండర్స్ బృందానికి, లోపల ఒక జాతి తుంగను పోలిన మొక్క గింజలూ బొగ్గు ముక్కలూ కనిపించాయి, పైపొరను జిగురుతో అతికించినట్టు తెలిసింది. అంటే 1864లోనే ఎవరో కావాలని ఆ పని చేసి పెట్టారు. జీవం తనంతట తాను పుడుతుందా అన్న వాదంలో ఫ్రాన్స్ మునిగి ఉన్న ఏడాది అది. నూరేళ్లపాటు ఆ సీసాను ఎవరూ విప్పకపోవడంతో ఆ మోసం నూరేళ్లూ బయటపడలేదు. ఇంత చరిత్ర ఉన్న రంగం కనుకనే, ఇప్పుడు ఉల్కల రసాయన శాస్త్రజ్ఞులు తమ మీద తాము పెట్టుకునే నిబంధనలు మందుల కంపెనీల నిబంధనల కన్నా కఠినంగా ఉంటాయి.

ఇక అసలు ఆధారం దగ్గరికి వస్తాను. 1969 సెప్టెంబరు 28, ఆదివారం ఉదయం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మర్చిసన్ అనే చిన్న ఊరి మీద ఆకాశంలో ఒక అగ్నిగోళం పేలి, చుట్టుపక్కల పొలాల్లో, రోడ్ల మీద రాళ్లు రాలాయి. ఒక ముక్క ఒక షెడ్డు పైకప్పును చీల్చుకుని లోపలున్న గడ్డిలో పడింది. మొత్తం వంద కిలోలకు పైగా సేకరించారు. తాజా ముక్కల నుంచి స్పిరిట్ లాంటి ఘాటైన వాసన వచ్చిందని చూసినవాళ్లు చెప్పారు. ఇది కర్బన ఉల్కల్లో ఒక రకం. ఆ రాయి బరువులో దాదాపు రెండు శాతం కర్బనమే, ఆ కర్బనంలో అధిక భాగం ద్రావకాల్లో కరగని నల్లని, తారులాంటి పెద్ద అణువుల రూపంలో ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నీ కలిపినా కిలో రాయిలో కొన్ని పదుల మిల్లీగ్రాములకు మించవు. పడేటప్పుడు గాలి రాపిడికి పైన కరిగిపోయే పొర చాలా పలుచన, రాయి మధ్యభాగం దాదాపు చల్లగానే నేలను చేరుతుంది. లోపలి అణువులు కాలిపోకుండా మిగలడానికి కారణం అదే.

కాలం కూడా కలిసి వచ్చింది. 1969 జూలైలోనే అపోలో యాత్రికులు చంద్రుడి రాళ్లు తెచ్చారు, వాటిలో జీవపదార్థపు ఆనవాళ్లు వెదకడానికి కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో అత్యంత శుభ్రమైన ప్రయోగశాలలను అప్పటికే సిద్ధం చేశారు. ఆ బృందంలో కీత్ క్వెన్‌వోల్డెన్, సిరిల్ పొన్నంపెరుమ ముఖ్యులు. పొన్నంపెరుమ శ్రీలంకలోని గాలె ప్రాంతంలో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, ఆ తర్వాత రసాయన శాస్త్రం వైపు వెళ్లారు. మన పక్కనే చదివిన మనిషి ఈ కథ మధ్యలో ఉండటం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది. ఆ బృందం 1970 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. గ్లైసిన్, అలనీన్, వాలీన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లాలతో పాటు, మన ప్రొటీన్లలో చోటు లేని కొన్ని వింత అమైనో ఆమ్లాలు కూడా మర్చిసన్‌లో ఉన్నాయని వాళ్లు చూపించారు. అవి భూమివి కావని నమ్మడానికి ఆనాడూ ఆ తర్వాతా దొరికిన సాక్ష్యాలు ఒకదాన్నొకటి బలపరిచేవి.

మొదటి సాక్ష్యం అణువుల చేతివాటం. గ్లైసిన్ తప్ప ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలన్నీ రెండు రూపాల్లో ఉండగలవు, ఎడమ కాలి చెప్పూ కుడి కాలి చెప్పూ ఉన్నట్టు. వాటిలోని పరమాణువులూ బరువూ ఒకటే అయినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. భూమి మీది జీవులు ప్రొటీన్ల కోసం ఎడమవాటాన్నే వాడుకుంటాయి. మందుల ప్రయోగశాలల్లో మేము కైరల్ కాలమ్ మీద చేసే పని ఈ రెండు చెప్పుల్నీ వేరుచేసి లెక్కపెట్టడమే. మట్టి నుంచో చెమట నుంచో అలనీన్ అంటుకుని ఉంటే ఎడమ రూపమే విపరీతంగా ఎక్కువ ఉండాలి. మర్చిసన్‌లో రెండూ దాదాపు సమానంగా వచ్చాయి. ఎడమ రూపం కాలక్రమంలో కుడిగా మారుతుంది కదా, అలా సమానమై ఉండవచ్చు కదా అని మీకు తోచవచ్చు. మారుతుంది, కానీ మామూలు వాతావరణంలో అందుకు వేల, లక్షల ఏళ్లు పడుతుంది. ఏడాది క్రితం నేల మీద పడిన రాయికి ఆ వ్యవధి లేదు.

రెండోది, నాకు అన్నిటికన్నా నచ్చినది, ఆ జాబితా తీరు. జీవం పిసినారి. తనకు కావలసిన ఇరవై రకాలను ఎంచుకుని వాటినే మళ్లీ మళ్లీ తయారుచేస్తుంది. మర్చిసన్‌లో అలాంటి ఎంపిక లేదు. ఉదాహరణకు, ఐదు కర్బన పరమాణువులను గొలుసుగానో కొమ్మలుగానో అమర్చి సాధారణ అమైనో ఆమ్లాన్ని ఎన్ని విధాలుగా కట్టవచ్చో కాగితం మీద గీసి చూడండి. ఆ విధాలన్నీ దాదాపుగా ఆ రాయిలో ఉన్నాయి, వాటిలో భూమి మీది ప్రొటీన్లు వాడుకునేది వాలీన్ ఒక్కదాన్నే. పైగా కర్బనాల సంఖ్య పెరిగే కొద్దీ ఒక వరుసలోని అణువుల మోతాదు మెట్లు దిగినట్టు తగ్గుతూ పోతుంది. ఎవరి అవసరమూ లేకుండా, పరమాణువులు దొరికినట్టల్లా ఒకదానికొకటి అతుక్కుంటూ పోయిన రసాయన చర్యకు అది గుర్తు. ఇప్పటికి మర్చిసన్ ఒక్కదానిలోనే తొంభైకి పైగా అమైనో ఆమ్లాలను గుర్తించారు, వాటిలో చాలా భాగం మన శరీరాలకు పరిచయం లేనివి. వాలీన్‌లోని పరమాణువులే వేరే అమరికలో ఉన్న ఐసోవాలీన్ అలాంటిదే; వేలిముద్ర ఎంత పెద్దదైనా దాన్ని ఇవ్వజాలదు.

మూడోది ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. ఇది పుట్టుమచ్చ లాంటిది. మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునేటప్పుడు తేలికైన కార్బన్-12 వైపు మొగ్గుతాయి కాబట్టి, మొక్కలను తిని బతికే మనతో సహా భూమి మీది జీవపదార్థంలో బరువైన కార్బన్-13 కాస్త తక్కువగా ఉంటుంది. ప్రామాణిక రాతితో పోలిస్తే మన అణువుల్లో అది వెయ్యికి ఇరవై ముప్ఫై పాళ్లు తక్కువ, మర్చిసన్ అమైనో ఆమ్లాల్లో దానికి విరుద్ధంగా వెయ్యికి ఇరవై నుంచి నలభై పాళ్ల దాకా ఎక్కువ. బరువైన నైట్రోజన్, బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియం కూడా ఎక్కువే. డ్యుటీరియం ఇలా పేరుకుపోవడం నక్షత్రాల మధ్య సున్నాకు 260 డిగ్రీల దిగువన ఉండే చల్లని వాయుమేఘాల్లో జరుగుతుంది. చేతివాటాన్ని కాలం మార్చగలదు, పరమాణువు బరువును మాత్రం ఏ మట్టీ మార్చలేదు. అందుకే ఈ రోజు ఏదైనా అణువు ఆకాశం నుంచి వచ్చిందని ఎవరైనా అంటే, ఆ ఒక్క అణువును వేరుచేసి దాని ఐసోటోపుల లెక్క చూపమని సమీక్షకులు అడుగుతారు.

పరీక్ష ఎలా చేస్తారో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే నమ్మకం అక్కడే పుడుతుంది. గాజు సామగ్రిని 500 డిగ్రీల వద్ద గంటలకొద్దీ కాల్చి, దాని మీద ఏ జీవపదార్థం మిగలకుండా చేస్తారు. ఉల్క ముక్కను నూరి, సీలు చేసిన గాజు గొట్టంలో శుద్ధజలంతో నూరు డిగ్రీల వద్ద ఒక రోజు ఉడికిస్తారు, ఆ కషాయాన్ని ఆమ్లపు ఆవిరితో విడగొట్టి, లవణాలు తీసేసి, అణువులను వేరుచేసే ద్రవ క్రోమటోగ్రఫీకీ, వాటి బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరుకూ పంపుతారు. దానికి సరిసమానంగా, కాల్చిన సర్పెంటైన్ అనే సాధారణ ఖనిజాన్ని బ్లాంక్‌గా అదే గొట్టాల్లో, అదే రోజు, అవే చేతులతో పరీక్షిస్తారు. ఉల్క పడిన చోటి మట్టిని కూడా తెచ్చి పోలుస్తారు. ఉల్క గీత మీద కనిపించి బ్లాంక్ గీత మీద కనిపించని పీకునే లెక్కలోకి తీసుకుంటారు. ఈ పద్ధతిని చదివినప్పుడు నాకు మా ప్రయోగశాల గుర్తొచ్చింది.

అమైనో ఆమ్లాలతో పాటు డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు అక్షరాలైన నత్రజని క్షారాల కథ కూడా ఇలాగే నడిచింది, కాకపోతే అది చాలా నెమ్మదిగా సాగింది. మర్చిసన్‌లోని యురాసిల్ ఐసోటోపుల ప్రకారం బయటిదేనని 2008లో చూపించారు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల్లోని ఐదు క్షారాలూ ఉల్కల్లో ఉన్నాయని 2022లో జపాన్ బృందం ప్రకటించింది. ఆర్ఎన్ఏ వెన్నెముకలోని రైబోజ్ చక్కెర మర్చిసన్‌లో ఉందని 2019లో తేలింది. వీటి మోతాదులు అమైనో ఆమ్లాల కన్నా చాలా తక్కువ, కాబట్టి వీటి మీద అనుమానాలు సహజంగానే ఎక్కువ కాలం నిలిచాయి.

ఆ అనుమానాలను మూలం దగ్గరే తీర్చడానికి, నేల తాకని రాయిని తెచ్చుకోవడం ఒక్కటే దారి. జపాన్ హయబుసా-2 నౌక ర్యుగు గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టిని తెచ్చి 2020 డిసెంబరులో ఆస్ట్రేలియా ఎడారిలో దించింది, అందులో యురాసిల్‌తో పాటు మనం విటమిన్ బి3 అని పిలిచే నికోటినిక్ ఆమ్లం కూడా దొరికింది. నాసా ఒసైరిస్-రెక్స్ నౌక బెన్ను గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చి 2023 సెప్టెంబరు 24న యూటా ఎడారిలో విడిచింది. ఆ మట్టిని హ్యూస్టన్‌లో నైట్రోజన్ నింపిన పెట్టెల్లో, తొడుగుల్లోంచి మాత్రమే తాకుతూ దాచారు. 2025 జనవరిలో వెలువడిన ఫలితాల ప్రకారం, మన ప్రొటీన్లలోని 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి, ఐదు నత్రజని క్షారాలూ ఉన్నాయి, అమోనియా పుష్కలంగా ఉంది. ఉప్పునీరు నెమ్మదిగా ఆవిరైనప్పుడు అడుగున మిగిలే లవణాలు కూడా కనిపించాయి. వానకు నేల మీద కరిగిపోయే ఇలాంటి లవణాలు ఉల్కల్లో నిలవడం కష్టం. అదే ఏడాది డిసెంబరులో రైబోజ్, గ్లూకోజ్ చక్కెరలు కూడా ఆ మట్టిలో ఉన్నాయని ప్రకటించారు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు: వానా మట్టీ చెయ్యీ తాకని పదార్థంలో కూడా మర్చిసన్ రాయి చెప్పిన కథే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం బెన్ను పాత ఆశను కదిలించింది. మర్చిసన్‌లోని ఐసోవాలీన్‌లో ఎడమ రూపం కాస్త ఎక్కువగా ఉందని 1997లో జాన్ క్రోనిన్, సాండ్రా పిజారెల్లో చూపించారు. భూమి మీది జీవుల ప్రొటీన్లలో లేని అణువు అది, కనుక దాన్ని కల్తీ అని తోసిపుచ్చడం కష్టం. జీవానికి ఎడమవాటం ఆకాశంలోనే దొరికిందేమోనన్న ఊహకు అది పెద్ద ఊతమైంది. వృత్తాకారంగా ధ్రువితమైన, అంటే ఒకే వైపు మెలితిరుగుతూ సాగే నక్షత్ర కాంతి ఒక రూపాన్ని కొంచెం ఎక్కువగా నాశనం చేసి ఉంటుందనీ, ఉల్క లోపలి నీరు ఆ చిన్న తేడాను పెంచి ఉంటుందనీ అనుకున్నారు. బెన్నులో మాత్రం రెండు రూపాలూ సమానంగా వచ్చాయి. ఎడమవాటం ఎక్కడ మొదలైందన్న ప్రశ్న మళ్లీ తెరుచుకుంది, దీన్ని దాచకుండా చెప్పిన ఆ శాస్త్రజ్ఞుల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. జీవం ఆకాశం నుంచి దిగిందని ఇవేవీ చెప్పడం లేదు. అవి చెప్పేది, జీవానికి కావలసిన ముడిసరుకు జీవం లేకుండానే తయారవుతుందని. సౌరకుటుంబం పుట్టిన కొత్తలో, సుమారు 456 కోట్ల ఏళ్ల క్రితం, మంచూ రాతి ధూళీ కలిసి గ్రహశకలాలు ఏర్పడ్డాయి. వాటిలో ఉన్న రేడియోధార్మిక అల్యూమినియం-26, ఏడు లక్షల ఏళ్లకొకసారి సగమవుతూ వేడిని విడిచింది. ఆ వేడికి మంచు కరిగి రాళ్ల సందుల్లో గోరువెచ్చని నీరు పాకింది. అందులో ఆల్డిహైడ్లు, కీటోన్లు, అమోనియా, హైడ్రోజన్ సైనైడ్ కలిస్తే అమైనో ఆమ్లాలు రావడానికి స్ట్రెకర్ చర్య ఒక్కటి చాలు. ఈ చర్యను డిగ్రీ విద్యార్థులు కర్బన రసాయన పుస్తకంలో చదివే ఉంటారు, 1850లోనే కనుగొన్నది. ఫార్మాల్డిహైడ్ అణువులు ఒకదానికొకటి కలిస్తే చక్కెరలు వస్తాయి. అంటే ఆ గ్రహశకలాల్లో జరిగింది మనకు తెలిసిన మామూలు రసాయనమే, అయితే అది లక్షల ఏళ్లపాటు ఎవరూ కదపకుండా నడిచింది.

అక్కడి నుంచి జీవం దాకా ఉన్న దూరం మాత్రం చాలా ఎక్కువ. అమైనో ఆమ్లాలు గొలుసులుగా కలిసేటప్పుడు ప్రతి అతుకుకూ ఒక నీటి అణువు బయటికి పోవాలి. నీళ్లలోనే అది జరగాలంటే ప్రవాహానికి ఎదురీదినట్టే. ఉల్కల్లో పొడవైన ప్రొటీన్ గొలుసు గానీ ఆర్ఎన్ఏ పోగు గానీ ఉన్నట్టు ఒప్పుకోదగ్గ రుజువు లేదు. తొంభై రకాల అమైనో ఆమ్లాల గుంపులోంచి ఇరవైని ఏరుకోవడం, రెండు చేతుల్లో ఒకదాన్ని పట్టుకోవడం, తనలాంటి దాన్ని మళ్లీ తయారుచేయడం, ఇవేవీ రాయి చేయలేదు. మర్చిసన్ రాయి నుంచి తీసిన కొవ్వులాంటి అణువులు నీళ్లలో తమంతట తామే బుడగల్లా, పొరల్లా ఏర్పడతాయని 1985లో డేవిడ్ డీమర్ చూపించారు. ఆ ఫొటోలు చూస్తే కణత్వచం గుర్తొస్తుంది, కానీ ఆ బుడగ లోపల ఖాళీ. తొలి భూమి తన ముడిసరుకులో ఎంత భాగం తానే తయారుచేసుకుంది, ఎంత భాగం ఉల్కలు, తోకచుక్కల ధూళి తెచ్చిపోశాయి అన్నది ఇంకా తేలని లెక్క. రెండు చోట్లా తయారీ సాధ్యమేనని మాత్రం ఇప్పుడు ధైర్యంగా అనగలం.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పాలనిపించిన మాట. 2017 జూన్ 6 తెల్లవారుజామున రాజస్థాన్‌లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురా ఊరి పొలంలో ఒక నల్లరాయి పడింది. అది మర్చిసన్ జాతికే చెందిన కర్బన ఉల్క. ఇలాంటివి ఎప్పుడు ఎక్కడైనా పడవచ్చు, మన పొలాల్లో కూడా. 2000 జనవరిలో కెనడాలోని తాగిష్ సరస్సు మంచు మీద పడిన ఉల్క ముక్కలను మొదట చూసిన వ్యక్తి వాటిని చేత్తో ముట్టుకోకుండా ప్లాస్టిక్ సంచుల్లో వేసి, గడ్డకట్టిన స్థితిలోనే భద్రపరిచాడు. ఈనాటికీ శాస్త్రజ్ఞులు ఆ ముక్కలను ప్రత్యేకంగా విలువైనవిగా చూడటానికి కారణం అదే. మీ కళ్ల ముందు ఆకాశంలోంచి ఒక నల్లరాయి పడితే, కడగకండి, వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకోకండి, వేళ్లతో తుడవకండి. కొత్త అల్యూమినియం ఫాయిల్‌తో ఎత్తి, అందులోనే చుట్టి, వాన తగలకుండా దాచి, పడిన చోటూ సమయమూ రాసి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారికి కబురు పెట్టండి. దాని పక్కనున్న మట్టిని కూడా గుప్పెడు, వేరే ఫాయిల్‌లో, చేత్తో కాకుండా శుభ్రమైన చెంచాతో తీసి ఇవ్వండి. పోల్చి చూడటానికి ఆ మట్టి కూడా కావాలి.